చూడకుండా చాచిన చెయ్యి

ఆ వేసవిలో మా ఇంట్లో ముగ్గురం పరుగెత్తాం. మా అబ్బాయీ, మా అక్క కూతురూ కాలేజీ మైదానంలో. నేను వంటింటికీ హాలుకీ మధ్య. పతకాల దగ్గర నా పేరు ఎవరూ పిలవలేదనుకోండి. పిలుస్తారని నేనూ బట్టలు మార్చుకుని కూర్చోలేదు.

మా ఆయనకో అలవాటుంది. పొద్దున్నే పేపరు విప్పి, తల తిప్పకుండా, కుడిచెయ్యి వెనక్కి చాస్తారు. అందులోకి కాఫీ గ్లాసు రావాలి. వస్తుంది. పెళ్లయిన కొత్తలో దీన్ని చనువనుకున్నాను. తరవాత తరవాత అనుకోవడం మానేశాను. ఆ వేసవి మొదట్లో ఒకరోజు మా అక్క కూతురు షూ లేసులు కట్టుకుంటూ ఇదంతా చూసి కిసుక్కుమంది.

"పిన్నీ, బాబాయ్ అచ్చం బేటన్ అందుకున్నట్టే అందుకుంటున్నారు. వెనక్కి చూడనే చూడరు! మా మాస్టారు చూశారంటే మీ ఇద్దర్నీ రిలే టీములో వేసేస్తారు."

"వేస్తే వేశారుగానీ, ఎప్పుడూ అందించే వంతు నాదే అవుతుంది. చివర్న రిబ్బను తెంపేది మీ బాబాయే."

"పొద్దున్నే ఏమిటా గుసగుసలు?" అంది పేపరు.

ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. మనిషి పిడికెడు, కాళ్లు మాత్రం పుల్లల్లా పొడుగ్గా ఉంటాయి. మా అక్క వేరే ఊళ్లో ఆస్పత్రిలో నర్సు. రాత్రీ పగలూ డ్యూటీలు. అందుకని పిట్ట కాలేజీలో చేరినప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. మావాడు దానికన్నా కొన్ని నెలలు పెద్ద. వాడికి కాలేజీలో తారాజువ్వ అని పేరు. తారాజువ్వ సంగతి తెలిసిందే కదా. అంటించడానికి ఒకరుండాలి, పక్కకి తప్పుకోవడానికి పదిమందుండాలి.

ఆ ఏడాది కొత్తగా ఆడా మగా కలిసి పరుగెత్తే రిలే పెట్టారు. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు, ఒక బేటన్. పోటీలయ్యాక వీళ్ల కాలేజీ నుంచి ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ శిక్షణ కేంద్రానికి పంపుతారు. తిండీ, గదీ, చదువూ, కోచింగూ అన్నీ వాళ్లవే. మావాడికి అది దొరికితే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుంటుంది. పిట్టకి అలా కాదు. "ఈ వేసవిలో సీటొస్తే పరుగెత్తు. రాకపోతే నాతో వచ్చి నర్సింగులో చేరు" అని మా అక్క ఖరాఖండిగా చెప్పేసింది. అక్కది తప్పని నేననను. పగలంతా నిలబడి పనిచేసే మనిషికి, పిల్ల పరుగెత్తుతానంటే ఎక్కడికని అడగాలనే అనిపిస్తుంది.

వాళ్ల కోచ్‌ని ఈల మాస్టారంటారు. మాటలు తక్కువ, ఈలలు ఎక్కువ. ఆయన మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పే వీలు దొరక్కపోవచ్చు.

పోటీలకి ముందు కాలేజీ వాళ్లు ఒక మేడమ్‌ని పిలిపించి, ఆటగాళ్లందరికీ భావోద్వేగ ప్రజ్ఞ మీద పాఠాలు చెప్పించారు. ఆ మాట పూర్తిగా పలికేసరికే ఉన్న ఉద్వేగం కాస్తా చల్లారిపోతుంది. చివర్లో పరీక్ష కూడా పెట్టారట. ఎదుటివాడి మనసు ఎంత బాగా కనిపెడతావు, నీ కోపాన్ని ఎంతవరకు అదుపులో పెట్టుకుంటావు, ఇలాంటివి. ఆ రాత్రి భోజనాల దగ్గర మావాడు విరగబడి నవ్వుతూ చెప్పాడు.

"నాన్నా, టీమంతట్లో నాకే లాస్టు! నాకసలు మనసే లేదంది ఆ మేడమ్."

"మగపిల్లాడివి, నీకెందుకురా అవన్నీ. కాళ్లున్నాయి, చాలు" అన్నారు మా ఆయన గర్వంగా.

"మరి ఫస్టెవరు?" అన్నాను.

పిట్ట కూర కలుపుకుంటూ చెయ్యెత్తింది.

"ఏమిచ్చారే?"

"వీణ్ణిచ్చారు పిన్నీ" అంది, మావాడి వైపు ముద్ద చూపిస్తూ. "'నీకు అర్థం చేసుకునే గుణం ఉందమ్మా, మూడో పరుగు నీది, నాలుగోది వాడిది, వాడి మూడ్ నీ చేతుల్లో పెడుతున్నా' అన్నారు మాస్టారు."

పరీక్షలో ఫస్టు వస్తే కప్పో గిన్నో ఇవ్వడం చూశాను. లాస్టు వచ్చినవాణ్ణి ఒళ్లో పెట్టి పంపడం అప్పుడే చూశాను. అందరం నవ్వాం. నవ్వొచ్చే విషయమే మరి, అప్పటికి.

పిట్ట ఆ ఉద్యోగం బాగానే చేసింది. కాలేజీ వంద మీటర్ల పోటీలో మావాడు రెండోవాడొచ్చిన రోజు, ఇంటికొచ్చి గది తలుపు ఎంత గట్టిగా వేశాడంటే, పక్క గదిలో గోడ గడియారం ఆగిపోయింది. "వాణ్ణెవరూ కదపకండి" అని మా ఆయన ఆజ్ఞ. నేను కంచం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పిట్ట వచ్చి తలుపుకి చెవి ఆనించింది.

"ఒరేయ్ అన్నయ్యా, ఈ తలుపేం చేసిందిరా? ఇది కూడా నీకన్నా ముందు పరుగెత్తిందా?"

పిట్ట తలుపు మీద వేళ్లతో దరువేసింది.

"పోనీ వంద మీటర్లు వద్దులే, ఇక్కణ్ణుంచి పళ్లెం దాకా పరుగు పెట్టుకుందాం. ఆమ్లెట్టు చల్లారిపోతోంది. నువ్వు ఓడిపోతే నీదీ నేనే తినేస్తా."

కాసేపటికి గొళ్లెం కదిలింది. వాడు మొహం గంటు పెట్టుకునే బయటికొచ్చాడుగానీ, వచ్చాడు. తిన్నాడు. నవ్వాడు కూడా. నేను గిన్నెలు కడుగుతుంటే పిట్ట పక్కన నిలబడి తుడుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు పోటీ దానికీ ఉందని.

"నీదేమైందే?"

"ఫస్టొచ్చాను పిన్నీ. మెల్లగా, వాడు వింటాడు."

తరవాత రోజుల్లో రిలే సాధన మొదలైంది. మైదానంలో చాలక, సాయంత్రాలు మా ఇంటి ముందు సందులో కూడా చేసేవాళ్లు. నన్ను గేటు దగ్గర కాపలా పెట్టేవాళ్లు, స్కూటర్లొస్తే అరవడానికి. అలా అరుస్తూ అరుస్తూనే నేనూ కిటుకు నేర్చుకున్నాను. మావాడు ముందు నిలబడతాడు. వాడికి వెనకాల, కాస్త దూరంలో, నేల మీద ఒక టేపు ముక్క అంటిస్తారు. మిక్సీ వైరుకి చుట్టడానికి నేను దాచుకున్న నీలం టేపే అది. పిట్ట బేటన్‌తో దూసుకొస్తుంది. దాని కాలు టేపు దాటగానే వీడు లంఘించాలి. ఇక వెనక్కి చూడకూడదు. "చెయ్యి!" అని అది అరిస్తే చెయ్యి వెనక్కి చాచాలి, అంతే. బేటన్ వచ్చి అరచేతిలో పడుతుంది. టేపు మరీ దూరంగా ఉంటే వీడు ముందెళ్లిపోతాడు, దానికి అందడు. మరీ దగ్గరగా ఉంటే వీడు ఊపందుకోకముందే అది వచ్చి వీపెక్కుతుంది. ఎంత దూరంలో ఉండాలో ఇద్దరూ కలిసే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక ఒకరికి చెప్పకుండా ఒకరు దాన్ని ముట్టుకోకూడదు. పెళ్లిళ్లలో కూడా ఇంత కచ్చితమైన ఒప్పందం నేను చూడలేదు.

మొదట్లో కుదర్లేదు. టేపు దాటినా మావాడు ఒక క్షణం ఆగేవాడు. పిట్ట వచ్చి గుద్దుకునేది.

"ఏంట్రా, ఎందుకాగుతున్నావ్?"

"నువ్వంత స్పీడుగా వస్తావని నమ్మకం కుదరట్లేదే."

"నమ్మకంతో నీకేం పనిరా? టేపుని నమ్ము."

మైదానంలో కూడా ఇదే వరస. ఒకరోజు ఇలాగే గుద్దుకుని, మావాడు అందరి ముందూ బేటన్ విసిరికొట్టి "ఆడపిల్లలతో రిలే అంటే ఇంతే" అన్నాడట. పిట్టకి కళ్లనీళ్లు తిరిగాయి. ఈల మాస్టారు దాన్ని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇంత ఎమోషనల్ అయితే కష్టమమ్మా. ఇలా అయితే పెద్ద పోటీల్లో ఎలా నిలబడతావు?" అన్నారట. మరి విసిరికొట్టినవాణ్ణేమన్నారని అడిగాను. "వాడికి కసి ఉందన్నారు పిన్నీ" అంది.

మర్నాడు కళ్లు కడుక్కుని మళ్లీ సందులోకి వచ్చింది. టేపు మళ్లీ అంటించింది. జోకులేసింది, పందేలు కాసింది, వాడి పరుగుని పొగిడింది, తన పరుగుని తక్కువ చేసి చెప్పుకుంది. నేనక్కడే ఉన్నాను, స్కూటర్లు లేనప్పుడు చూడ్డానికి ఇంకేముంటుంది? చివరికి ఒక సాయంత్రం బేటన్ చప్పుడు లేకుండా వెళ్లి వాడి చేతిలో పడింది. మళ్లీ చేశారు. మళ్లీ పడింది. మావాడు గాల్లోకి ఎగిరి, "చూశావా అమ్మా, నేను సెట్ చేసేశా!" అని అరిచాడు. పిట్ట నా వైపు చూసి కన్నుగీటింది.

ఫైనల్ రోజు పొద్దున్న పిట్ట వంటింట్లో పీట మీద కూర్చుని పొట్టకి వేడినీళ్ల సంచి ఒత్తుకుంటోంది. మావాడు గుడ్ల కోసం వచ్చి చూశాడు.

"ఏమైంది దానికి?"

"నెలసరి నొప్పి" అన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడు పుట్టింది ఎలాగో ఎవరూ చెప్పనట్టే ఉంటాడు ఇలాంటప్పుడు.

"మరి ఇవాళ... పరుగెత్తగలదా?"

"నేనిక్కడే ఉన్నానురా, నన్నడుగు" అంది పిట్ట. "నొప్పి కడుపులో, కాళ్లలో కాదు. ప్రతి నెలా దీంతోనే పరుగెత్తుతున్నా. నేను ఫస్టొచ్చిన రోజు కూడా ఇదే బాధ. ఏమీ మారదు. టేపు మనమనుకున్న చోటే. సరేనా?"

"సరే."

"సరేనా అంటే?"

"సరే అన్నానుగా తల్లీ!"

స్టేడియంలో మా ఆయనా నేనూ మధ్య మెట్ల మీద కూర్చున్నాం. గొడుగు నాది, నీడ ఆయనది. మావాడు చివరి మలుపు ముగిసే చోట తన లేన్లోకి వచ్చి, వెనక్కి పాదాలతో కొలుచుకుంటూ వెళ్లి, నీలం టేపు అంటించాడు. అక్కణ్ణుంచి దూరంగా ఆ మలుపు మొదట్లో పిట్ట మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. పరుగెత్తేవాళ్లందరూ అలాగే నిలబడతారు. మావాడు దాన్నే చూస్తున్నాడు. చూసి చూసి, మళ్లీ వెళ్లి కూర్చుని, టేపు పీకాడు. తన వైపు దగ్గరగా తెచ్చి అంటించాడు.

"వాడు టేపు జరిపాడండీ" అన్నాను.

"గాలికి ఊడుంటుందిలే."

"గాలికి ఊడితే మళ్లీ అక్కడే అంటించాలి కదా?"

"అబ్బ, నీకన్నీ అనుమానాలే. అదిగో, మొదలెడుతున్నారు."

తుపాకి పేలింది. మొదట మా టీము పొడుగమ్మాయి, తరవాత నోరు విప్పడని అందరూ మౌనిబాబనే కుర్రాడు. వాళ్లు బేటన్ పిట్టకి అందించేసరికి మనవాళ్లు మూడో స్థానంలో ఉన్నారు. ఆ పిల్ల అంత వేగంగా పరుగెత్తడం నేను సందులో ఎప్పుడూ చూడలేదు. సందుకి అంత పొడుగు లేదు. మలుపు సగంలో ఒకరిని దాటింది. మలుపు చివర ఇంకొకరిని దాటింది. మా ఆయన లేచి నిలబడి "శభాష్!" అన్నారు. ఆయన నోట పిట్ట గురించి ఆ మాట రావడం అదే మొదలు. అంతలోనే "చెయ్యి!" అని దాని గొంతు వినిపించింది. అప్పటికి మావాడు ఇంకా రెండు అడుగులైనా వెయ్యలేదు. చెయ్యి ఇంకా ముందే ఉంది. అది ఆపుకోబోయింది, కుదర్లేదు. వాడి వీపు మీదికి వచ్చి పడింది. ఇద్దరూ దొర్లారు. బేటన్ ఎగిరి పక్క లేన్లోకి, అక్కణ్ణుంచి ఇంకో లేన్లోకి టింగుమంటూ పోయింది.

మావాడు ట్రాక్ మీదే కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు. ఈల మాస్టారు పరుగెత్తుకొచ్చి వాణ్ణి గుండెలకి హత్తుకున్నారు. మౌనిబాబు వచ్చి వీపు నిమిరాడు. పక్క కాలేజీ కుర్రాళ్లు కూడా వచ్చి భుజం తట్టారు. ఎవరో ఫొటో తీశారు. పిట్ట లేచి, మోకాలి నుంచి రక్తం కారుతుంటే కుంటుకుంటూ వెళ్లి, బేటన్ ఏరుకొచ్చి, దుమ్ము తుడిచి, అక్కడి అధికారికి ఇచ్చేసింది. ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే అది.

నేను మెట్లు దిగి వెళ్లేసరికి మాస్టారు దాన్ని కోప్పడుతున్నారు. "ముందు మనిషున్నాడని చూసుకోవద్దూ? ఏమిటా ఆవేశం? నీకొచ్చిన మార్కులు చూసి కదా ఆ చోటిచ్చాను!"

పిట్ట తలొంచుకుని షూ లేసులు విప్పుకుంటోంది. నేను చేతిరుమాలు దాని మోకాలికి కట్టాను.

ఆ రాత్రి అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. నేనే కదిపాను.

"టేపెందుకు జరిపావురా?"

"ఇప్పుడా మాటలెందుకే?" అన్నారు మా ఆయన. "వాడసలే బాధలో ఉన్నాడు."

"బాధలో ఉన్నవాళ్లు ఈ బల్ల దగ్గర ఇద్దరున్నారండీ. ఒకరు మోకాలికి కట్టు కూడా కట్టుకున్నారు. చెప్పరా."

వాడు కంచంలోకి చూస్తూ గొణిగాడు. "దాని కోసమే అమ్మా. నొప్పితో వంగిపోయి నిలబడింది. స్పీడుగా రాలేదేమో, నేను అందకపోతే అందరూ దాన్నే అంటారేమో అని..."

"దానికి చెప్పావా?"

"చెబితే టెన్షన్ పడుతుందని."

"నాకు తెలుసు పిన్నీ" అంది పిట్ట. "బేటన్ ఏరడానికి వెళ్లినప్పుడే చూశాను. మనమనుకున్న చోట జిగురు మరక ఉంది, టేపు లేదు."

"మరి మీ మాస్టారు అన్నేసి మాటలంటుంటే నోరు విప్పవేం?"

"వాడు చెబుతాడేమో అని చూశాను" అంది. వాడి వైపు చూడలేదు. కూర గిన్నె కాస్త ఇటు జరుపుకుంది.

"రేపు చెబుతాన్లే" అన్నాడు మావాడు.

రేపు పేపర్లో వాడి ఫొటో వచ్చింది. 'కన్నీళ్లు దాచుకోని వీరుడు' అని కింద పెద్దక్షరాలు. మా ఆయన కత్తిరించి అద్దానికి అంటించారు. ఆడపిల్ల ఏడిస్తే బెంచీ మీద కూర్చోబెడతారనీ, మగపిల్లాడు ఏడిస్తే పేపర్లో వేస్తారనీ నాకు అంతకుముందు తెలీదు. కాలేజీ చదువు చదివానన్న మాటేగానీ. ఆ తరవాత ఇంకో రేపు వచ్చింది, ఇంకోటీ వచ్చింది. శిక్షణ కేంద్రానికి పేర్లు కూడా వచ్చాయి. మావాడు, పొడుగమ్మాయి.

నేను మంచి చీర కట్టుకుని ఈల మాస్టారి గదికి వెళ్లాను. ఆయన లేచి కుర్చీ వేశారు. టేపు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పిట్ట సరైన వేగంతోనే వచ్చిందనీ, మావాడే ఒప్పందం తప్పాడనీ, కన్నతల్లిగా చెబుతున్నాననీ అన్నాను. ఆయన చాలాసేపు ఈలని వేళ్ల మధ్య తిప్పారు. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. నాకు కాస్త ఆశ పుట్టింది.

"ఈ సంగతి మీవాడు నాతో అననేలేదమ్మా" అన్నారు. "ఇంత మంచి మనసు లోపలే దాచుకున్నాడు చూడండి! ఆ అమ్మాయి నొప్పి గమనించి, ఆమెకి తెలియకుండానే సాయం చెయ్యబోయాడు. మేడమ్ పెట్టిన పరీక్షలో లాస్టు వచ్చిన కుర్రాడు! ఎంత ఎదిగాడు!"

నేను కుర్చీ ముందుకి జరుపుకుని అడిగాను. "మరి అమ్మాయి సంగతి?"

"పరుగుకి వంక పెట్టలేం. కానీ అంత జరిగినా ఒక్క కన్నీటిచుక్క లేదండీ. టీమంటే ఆ మాత్రం మమకారం ఉండాలి కదా."

"ఏడ్చిన రోజున కష్టమన్నారట."

"అది వేరమ్మా" అంటూ ఈల మెడలో వేసుకున్నారు. క్లాసయిపోయి గంట కొట్టినట్టే లేచారు, నాకైతే ఏ గంటా వినిపించలేదు.

ఇంటికొచ్చేసరికి పిట్ట సంచి సర్దుకుంటోంది. నేను ఎక్కడికెళ్లానో దానికి తెలుసు. నా మొహం చూసి, ఏమైందని అడగలేదు.

"నర్సింగుకే వెళ్తావా?" అన్నాను.

"ఎలాగూ ఎవరో ఒకరి మూడ్ చూసుకోక తప్పదు పిన్నీ. అక్కడైతే జీతమిస్తారు."

మావాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ కాళ్లు మార్చాడు. "నా మీద కోపం లేదు కదే?"

"ఉందిరా" అంది, బట్టలు మడతపెడుతూనే.

వాడు అక్కడే నిలబడ్డాడు. ఆ మాట వెనకాల ఒక జోకు రావాలి. ఎప్పుడూ వస్తుంది. రాలేదు.

"నేను కావాలని చెయ్యలేదు పిట్టా..."

"తెలుసు. అయినా ఉంది."

వాడు నా వెనకే వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకోవడమొక్కటే తక్కువ. "నువ్వైనా చెప్పమ్మా దానికి. ఇలా మొహం తిప్పుకుంటే నేనక్కడికెళ్లి ప్రాక్టీసెలా చెయ్యాలి?"

"గట్టిగా వేసుకోడానికి అక్కడా తలుపులుంటాయి కదరా" అన్నాను.

సాయంత్రం బస్సెక్కే ముందు పిట్ట సంచిలోంచి నీలం టేపు చుట్ట తీసి నా చేతిలో పెట్టింది. "నీ టేపు పిన్నీ. ఇంకా చాలా ఉంది." కిటికీ పక్క సీట్లో కూర్చుని, బస్సు కదిలే దాకా నాతో ఊరికే వంటల గురించీ వానల గురించీ మాట్లాడింది. నా మూడ్ చూసుకుంటోందని తెలిసి, "ఇక చాల్లేవే" అన్నాను. అప్పుడు తల అటు తిప్పుకుంది. బస్సు వెళ్లిపోయింది.

మరుసటి వారం మావాణ్ణి శిక్షణ కేంద్రానికి సాగనంపాం. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. తలుపులు కూడా ఊపిరి పీల్చుకున్నట్టున్నాయి. ఆ మర్నాడు పొద్దున్న నేను బల్ల దగ్గర కూర్చుని మిక్సీ వైరుకి నీలం టేపు చుట్టుకుంటున్నాను. మా ఆయన పేపరు విప్పారు. కుడిచెయ్యి వెనక్కి చాచారు.

చెయ్యి కాసేపు అలా ఉంది. వేళ్లు ఒకసారి ముడుచుకుని, మళ్లీ విచ్చుకున్నాయి. ఆ తరవాత, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆయన తల వెనక్కి తిప్పి చూశారు.

"ఏమిటి, మూడ్ బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. కాఫీ పొయ్యి పక్కనుంది."

"మరి?"

"మరేం లేదు. టేపు కాస్త జరిపాను."

ఆయనకేం అర్థం కాలేదు. ఒక క్షణం చూసి, మళ్లీ పేపర్లోకి తల దూర్చారు. చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంచారు.